మాయలో సగం మీ ఆయనది

దేవరకొండ వైపు పల్లె నుంచి 27 ఏళ్ల గృహిణి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు పెళ్లయి నాలుగేళ్లు. భర్త హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతారు, పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తారు. కడుపుతో ఉండగా ఏడో నెలలో పత్తి తీతకు కూలీలు దొరక్క పది రోజులు సొంత చేనుకు వెళ్లారు. ఎనిమిదో నెలలో కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది. బిడ్డ ఎదగడం లేదని, రక్తం సరిగా అందడం లేదని స్కానింగ్‌లో తేలింది. 35వ వారంలో ఆపరేషన్ చేశారు. బాబు కిలో ఏడు వందలు. పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు, కామెర్లకు లైటు కింద పెట్టారు. "మాయ సరిగా పనిచేయలేదమ్మా, అందుకే చిన్నగా పుట్టాడు" అని డాక్టరమ్మ ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. మాయ అంటే కడుపులో బిడ్డకు తల్లి నుంచి తిండి, గాలి అందించే ప్లాసెంటా. డిశ్చార్జి కాగితంలో కూడా అదే ఇంగ్లిష్‌లో రాసి ఉంది. ఆ కాగితాన్ని ఈమె బీరువాలో పట్టుచీర మడతలో దాచిపెట్టారు. ఇంటికి వచ్చిన వాళ్లెవరికీ చూపించలేదు.

ఇప్పుడు బాబుకు 19 నెలలు. 15వ నెలలో నడిచాడు. మాటలు మాత్రం "అమ్మ", "తాత" రెండే. బస్సు కనబడితే "బుర్" అంటాడు. ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగడు. అత్తమ్మ వచ్చిన ప్రతివాళ్ల ముందూ అంటోందట: "మాయను దవఖాన్లనే ఇడిసిపెట్టి వచ్చిరి. తెచ్చి మన జాగల పాతిపెడితే పోరడు ఇట్లుండునా? పత్తి చేనుకు పోవద్దంటే ఇన్నదా?" అసలు ఆ పది రోజులూ చేనుకు వెళ్లమన్నది అత్తమ్మేనని ఉత్తరంలో రెండుసార్లు రాశారు, రెండోసారి గీత కూడా కొట్టారు.

ఇంతలో ఫోన్లో ఒక వీడియో. పిల్లల మెదడును తయారుచేసేది మాయేనని, అది చెడితే ఆటిజం వస్తుందని చెప్పే వీడియో. రాత్రిపూట ఏడుసార్లు చూశారట. టౌన్లో ఒకాయన మెదడు పెరగడానికి పొడి ఉందన్నాడు, మూడు నెలల కోర్సు 18,000. చెవి కమ్మలు కుదువ పెడదామా అని ఆలోచిస్తున్నారు. మరోపక్క ఇంట్లో రెండో బిడ్డ కోసం తొందర పెడుతున్నారు. "మాయ సరిగా లేదంటే నా ఒంట్లోనే లోపం ఉన్నట్టా? బాబు తెలివి తగ్గిపోయినట్టేనా? రెండోసారీ ఇట్లనే అయితే?" ఇవీ ఆమె ప్రశ్నలు.

*

ముందు కమ్మల సంగతి. వాటిని చెవులకే ఉంచుకోండి. మెదడు పెంచే పొడి ఏదీ లేదమ్మా. ఉంటే సర్కారు దవఖానలో ఉచితంగా ఇచ్చేవాళ్లు, లేదా కార్పొరేట్ దవఖానలో 18 లక్షలకు అమ్మేవాళ్లు. టౌన్లో కొట్టు పెట్టుకున్నాయన దగ్గర మాత్రమే ఉండదు.

ఇక మాయ. లేబర్ రూమ్‌లో పాతికేళ్లు నర్సుగా పనిచేశాను కాబట్టి దాన్ని మీకు కళ్లకు కట్టినట్టు చెప్పగలను. బిడ్డ బయటికొచ్చాక కాసేపటికి మాయ వస్తుంది. స్టీలు ట్రేలో పెట్టి, నీళ్లతో కడిగి, రెండు వైపులా తిప్పి చూసేవాళ్లం. ముక్క ఏమైనా లోపల ఉండిపోతే తల్లికి రక్తస్రావం ఆగదు, అందుకు. అరకిలో బరువు, జానెడు వెడల్పు. తల్లివైపు ముదురు ఎరుపు, కాలేయం ముక్కల్లాంటి గడ్డలు పదిహేను ఇరవై. బిడ్డవైపు నున్నగా, నీలంగా మెరుస్తుంది. బొడ్డుతాడు అతికిన చోటి నుంచి రక్తనాళాలు అన్ని వైపులా పాకి ఉంటాయి, ఆకు రాలిన చెట్టును పైనుంచి చూసినట్టు. మీలాగా బీపీ వచ్చినవాళ్ల మాయ చాలాసార్లు చిన్నగా ఉండేది, అక్కడక్కడా తెల్లగా గట్టిపడ్డ మచ్చలు కనిపించేవి. ఆ మచ్చలున్న చోట రక్తం అందలేదన్నమాట.

ఇప్పుడు మీ ప్రశ్న: లోపం ఎవరి ఒంట్లో ఉంది? మాయ మీ అవయవం కాదు. ఈ మాట చాలామంది చదువుకున్నవాళ్లకు కూడా తెలియదు. పిండం ఏర్పడిన అయిదో రోజుకల్లా దానిలోని కణాలు రెండుగా విడిపోతాయి. లోపలివి బిడ్డ అవుతాయి, బయటివి మాయ అవుతాయి. ఒకే గింజ నుంచి వచ్చిన మొలకా, వేరూ అనుకోండి. మీ గర్భసంచి నేల మాత్రమే. అంటే మాయలో మీ జన్యువులు ఎన్నో, మీ ఆయనవీ అన్నే. ఇంకో విచిత్రం ఉంది. 1984లో కేంబ్రిడ్జిలో అజీమ్ సురానీ బృందం, అదే ఏడాది అమెరికాలో మరో బృందం ఎలుక పిండాలతో ఒక ప్రయోగం చేశాయి. తల్లి జన్యువులు మాత్రమే ఉంచితే పిండం కొంతదాకా ఎదిగింది గానీ మాయ సరిగా ఎదగలేదు. తండ్రివి మాత్రమే ఉంచితే మాయ బాగా పెరిగింది, పిండం ముడుచుకుపోయింది. మాయ పెరుగుదలలో తండ్రి జన్యువుల చెయ్యి ఎక్కువని అప్పటినుంచి తెలిసింది.

దీన్ని పట్టుకుని మీ ఆయన మీదికి వెళ్లమని కాదు నేను చెప్పేది. ఆయన జన్యువులను ఆయనేమీ బజారులో ఏరి కొనుక్కురాలేదు. తప్పు వెతకడానికి మీ ఒళ్లు మొదలుపెట్టాల్సిన చోటు కాదని మాత్రమే.

పత్తి చేను సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మీకు వచ్చిన రకం బీపీకి మూలం చాలావరకు మొదటి నాలుగైదు నెలల్లో ఉంటుంది. ఆ రోజుల్లో మాయ కణాలు గర్భసంచి గోడలోకి చొరబడి అక్కడి సన్నటి రక్తనాళాలను వెడల్పు చేయాలి. పంట కాలువ పూడిక తీసినట్టు. ఆ పని సగంలో ఆగితే రక్తం సరిగా పారదు. మొదటి నెలల్లో బిడ్డ చిన్నగా ఉంటాడు కాబట్టి తెలియదు. ఏడు, ఎనిమిది నెలలకు వాడి అవసరం పెరిగినప్పుడు బయటపడుతుంది. మీరు పత్తి తీయడానికి వంగేనాటికే ఆ పని ఎలా జరగాలో అలా జరిగిపోయింది. ఏడు నెలల గర్భిణిని ఎండలో పదిరోజులు చేనులో నిలబెట్టడం మంచి పని అనను. కానీ బాబు కిలో ఏడు వందలతో పుట్టడానికి అది కారణం కాదు.

వీడియో మొత్తం అబద్ధమని చెప్పలేను. అందులో నిజం ఉంది, దాన్ని చెప్పిన తీరే దుర్మార్గం. మాయ అంటే అన్నం, గాలి చేరవేసే గొట్టం మాత్రమేనని ఒకప్పుడు అనుకునేవాళ్లం, మాకు ట్రైనింగ్‌లో కూడా అంతే చెప్పారు. అది హార్మోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా. మీరు తినే పప్పులో, గుడ్డులో ఉండే ఒక పదార్థం నుంచి మాయ సెరటోనిన్ తయారుచేసి, పిండం మెదడు ముందు భాగానికి పంపుతుందని 2011లో ఎలుకల్లో చూశారు. 2021లో మరో బృందం ఎలుకల మాయలో ఒక హార్మోన్‌ను తగ్గిస్తే పిల్లల చిన్నమెదడులో మార్పు వచ్చింది, మగ ఎలుకపిల్లల్లో ఆటిజంను పోలిన ప్రవర్తన కనబడింది. మీ వీడియోకు మూలం ఇలాంటి పరిశోధనలే అయ్యుండాలి. బోనులో పెట్టి, ఒక్క హార్మోన్‌ను తీసేసి చూసిన ఎలుక వేరు, 15వ నెలలో నడిచి బస్సును చూసి "బుర్" అనే మీ బాబు వేరు. నెలలు నిండకుండా, బరువు తక్కువతో పుట్టినవాళ్లలో కొందరికి మాటలు, చదువు ఆలస్యమయ్యే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువన్నది నిజం. అవకాశం అంటే కొందరికి అని. ఆ కొందరిలో మీవాడున్నాడా లేడా అన్నది వీడియో చెప్పదు, వాణ్ని చూసినవాళ్లు చెప్పాలి.

ఇంకొకటి కూడా ఆ వీడియోలో చెప్పి ఉండరు. రక్తం తక్కువైనప్పుడు పిండం తనంతట తానే సర్దుకుంటుంది. కరువు ఏడాది ఇంట్లో ఉన్న గిన్నెడు గటక ముందు పిల్లలకే పోసినట్టు, ఉన్న రక్తాన్ని ముందు మెదడుకు, గుండెకు మళ్లిస్తుంది. చేతులు, కాళ్లు, పొట్ట తర్వాత. అందుకే అలాంటి పిల్లలు పుట్టినప్పుడు తల పెద్దగా, ఒళ్లు పీలగా కనిపిస్తారు. రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్‌లో డాక్టర్లు చూసేది ఈ మళ్లింపునే, అది గమనించే ఆపరేషన్ చేసి బయటికి తీస్తారు. ఈ సర్దుబాటు పూర్తి రక్షణ కాదు, ఒకమేరకే. కానీ 35 వారాలకే కోసి తీసేశారని బాధపడుతూ రాశారు చూడండి, బయటికి తీయడమే అప్పుడు వాడి మెదడుకు చేసిన మేలు.

జరిగిపోయిన దాని గురించి ఇంత. మాయ ఇప్పుడు లేదు, బాబు ఉన్నాడు.

వాడికి 19 నెలలు అంటున్నారు. అయిదు వారాలు ముందే పుట్టాడు కాబట్టి రెండేళ్లు వచ్చేదాకా ఆ అయిదు వారాలు తీసేసి లెక్కపెట్టాలి. అంటే ఇంకా 18 నెలలు నిండలేదు. ఆ వయసుకు అమ్మ, నాన్న కాకుండా మూడు మాటలైనా పలకడానికి ప్రయత్నిస్తుండాలి. మీవాడు కొంచెం వెనకే ఉన్నాడు. మరీ వెనక కాదు, "వాళ్ల నాయనకూ మూడేళ్లకే మాటలొచ్చినయి" అని వదిలేసేంత దగ్గరా కాదు. మాటల లెక్కకంటే నాకు కావాల్సిన సంగతులు మీ ఉత్తరంలో లేవు. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? చందమామను, కోడిని వేలు పెట్టి చూపిస్తాడా? చూపించి మీ ముఖం వైపు చూస్తాడా? "చెప్పులు తే" అంటే సైగ చేయకుండానే అర్థమవుతుందా? వీటికి జవాబు "అవును" అయితే సగం టెన్షన్ తగ్గించుకోండి. కాదంటే వాయిదా వేయకండి.

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. రెండేళ్లు నిండేదాకా చూడటం ఒకటి. ఖర్చు లేదు, తిరుగుడు లేదు, చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే అందుకుంటారు కూడా. కానీ వినికిడి లోపం ఉంటే ఆ అయిదారు నెలలు పోయినట్టే, అవి మాటలు పట్టుబడే నెలలు. ఇప్పుడే చూపించడం రెండోది. దానిలో నష్టమల్లా రెండు మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు, "పోరనికి ఏమైంది" అని ఊళ్లో అడిగేవాళ్లు. నన్నడిగితే ముందు చెవుల పరీక్ష చేయించమంటాను. నెలలు నిండకపోవడం, పన్నెండు రోజులు అద్దాల పెట్టె, కామెర్లు, అక్కడ ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లు, ఇవన్నీ వినికిడిని దెబ్బతీసే అవకాశం ఉన్నవే. చప్పుళ్లు వినబడుతున్నాయి కదా అని తేల్చేయకూడదు, కొందరికి పళ్లెం కింద పడిన చప్పుడు వినిపించి మాటలు స్పష్టంగా వినిపించవు. చెవిలో చప్పుడు వినిపించి, దానికి మెదడు స్పందించే తీరును గీతల్లో చూసే బెరా అనే పరీక్ష చేస్తారు. జిల్లా దవఖానలో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల కేంద్రం ఉంటుంది, ఖర్చుండదు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు పిల్లల ఆరోగ్య పథకం డాక్టర్ల టీము వస్తుంది, వాళ్లు చీటీ రాసిస్తే లోపలికి పంపడం సులువు. టీము వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు, మీ ఆశా కార్యకర్తనడిగి నేరుగా కూడా వెళ్లవచ్చు. అక్కడ ఇంకా పెద్ద పరీక్షలు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి పంపుతారు, అది బుద్ధి ఎదుగుదలలో లోపాలున్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ. ఆ పేరు వినగానే భయపడకండి, అక్కడికి వెళ్లినవాళ్లందరికీ బుద్ధిమాంద్యం ఉన్నట్టు కాదు.

అదే రోజు రక్తపరీక్ష కూడా చేయించండి. మాయకూ మెదడుకూ ఉన్న లంకెల్లో మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే. బిడ్డ తన ఇనుము నిల్వను చివరి మూడు నెలల్లో మాయ ద్వారా కూడబెట్టుకుంటాడు. మీవాడికి ఆ మూడు నెలలు పూర్తిగా దొరకలేదు, దొరికినన్ని రోజులూ మాయ సరిగా లేదు. ఇలాంటి పిల్లలకు అందుకే ముందునుంచే ఇనుము చుక్కల మందు ఇస్తారు. మీ బాబుకు వేశారో లేదో మీరు రాయలేదు. ఇనుము తక్కువైతే పిల్లలు మందకొడిగా ఉంటారు, నేర్చుకోవడం నెమ్మదిస్తుంది. హిమోగ్లోబిన్ తక్కువుంటే డాక్టర్ చెప్పిన మోతాదులో మందు వేయాలి. అంగన్‌వాడీలో వారానికి రెండుసార్లు వేసే సిరప్ కూడా మానేయకండి, మలం నల్లగా వస్తుందని మానేసే తల్లుల్ని ఎంతోమందిని చూశాను.

మీ పక్క ఊళ్లలో ఫ్లోరైడ్ బోర్లున్నాయి కాబట్టి ఒక మాట. ఫ్లోరైడ్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన నీళ్లు తాగే చోట పిల్లల తెలివితేటల పరీక్షల్లో మార్కులు తగ్గుతున్నాయని 2024లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికే కాదు, అన్నం పప్పు వండటానికి కూడా భగీరథ నీళ్లే వాడండి.

ఫోన్ సంగతి మీకు తెలియనిది కాదు. రెండేళ్లలోపు పిల్లలకు అసలు చూపించొద్దని పిల్లల డాక్టర్లు అంటున్నారు. ఒక్కరోజులో మానిపిస్తే రెండు మూడు రోజులు అన్నం తినడు, మీ అత్తమ్మ ఊరుకోదు. పొద్దుటి పూట ముద్దతో మొదలుపెట్టి ఒక్కొక్క పూటే తగ్గించండి. ఇంట్లో మాట్లాడే మనిషి ఉంటే మాటలొస్తాయి. మీ ఇంట్లో మాట్లాడే మనిషికి కొదవ లేదని మీ ఉత్తరమే చెబుతోంది.

అత్తమ్మ గురించి నాకొకటి తోచింది. తప్పైతే క్షమించండి. ఆ పది రోజులు చేనుకు పొమ్మన్నది ఆమే అన్నారు. మనవడు అద్దాల పెట్టెలో ఉన్న పన్నెండు రోజులూ ఆమె మనసులో ఏం తిరిగి ఉంటుంది? "నేనే పంపితిని" అని ఆమె ఎవరితోనూ అనలేదు. అనలేక మీ మీదికి నెట్టింది, అది చాలదన్నట్టు దవఖానలో వదిలేసిన మాయ మీదికీ నెట్టింది. ఆమెను వెనకేసుకొస్తున్నాననుకోకండి, నలుగురిలో అనడం అన్యాయమే. మా నాయనమ్మ కూడా మా ఇంట్లో పుట్టినవాళ్లందరి మాయలు పెరట్లో లోతుగా పాతిపెట్టింది. అది బిడ్డలో భాగమని, కుక్కలపాలు కాకూడదని ఆమె పట్టుదల. బిడ్డలో భాగమన్నంతవరకు ఆమె మాట సైన్సుకు సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు దవఖానలో దాన్ని పసుపు సంచిలో వేసి కాల్చడానికి పంపుతారు. పాతినా, కాల్చినా అప్పటికి దాని పని అయిపోయింది.

ఆమెతో ఏం చేయాలన్నది మీరే తేల్చుకోవాలి. ఎదురు చెప్పవచ్చు. "పంపింది నువ్వే కదా" అని ఒక్కమాటంటే ఆ నలుగురి ముందు గెలుస్తారు, ఆ తర్వాత నెలల తరబడి ఆ ఇంట్లోనే ఉండాలి. ఆయన పదిహేను రోజులకోసారి వచ్చే ఇంట్లో అది చిన్న ధర కాదు. ఆయనతో చెప్పించవచ్చు. అది జరగాలంటే ఆ డిశ్చార్జి కాగితం ముందు ఆయనకు చూపించాలి. ఎందుకు దాచారో అర్థమైంది, కానీ దాచినకొద్దీ అది నేరంలా తయారైంది. మూడోది, ఆమెను కూడా దవఖానకు తీసుకెళ్లడం. "పత్తి చేనుకు పోవడం వల్ల కాదు" అన్న మాట మీ నోటితో చెబితే వాదన అవుతుంది. డాక్టర్ నోటితో వింటే మీకంటే ముందు ఆమె ఊపిరి పీల్చుకుంటుందేమో. విని కూడా మారకపోవచ్చు, అలాంటివాళ్లనూ చూశాను. అయినా మూడో దారిలో మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

నిద్ర పట్టడం లేదని చివరి పేజీలో చిన్నగా రాశారు. అది చిన్న సంగతి కాదు. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు, పేరు చెప్పక్కర్లేదు.

రెండో బిడ్డ విషయంలో తొందర వద్దన్నది ఒక్కటే గట్టిగా చెబుతాను. కాన్పు తర్వాత రెండేళ్లు గడిచాకే మళ్లీ గర్భం అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మీకు ఆపరేషన్ కుట్టు కూడా ఉంది. అప్పటిదాకా కాపర్-టీ లాంటిది వేయించుకోవచ్చు. తర్వాత కావాలనుకుంటే, ఈ రకం బీపీ మళ్లీ అందరికీ రాదు, సుమారు ఆరేడుగురిలో ఒకరికి వస్తుంది. నెల తప్పిన వెంటనే వెళ్లి "మొదటిసారి బీపీ వచ్చింది, 35 వారాలకు తీశారు" అని చెప్పండి. ఆ చీర మడతలో కాగితం అప్పుడు మీ చేతిలో ఉండాలి. 12 వారాల నుంచి, ఆలస్యమైనా 16 వారాలలోపు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. ఆ మాత్ర ముప్పును తగ్గిస్తుంది గానీ మెడికల్ షాపులో అడిగి వేసుకునేది కాదు. ఒక్కడు చాలనుకుంటే అదీ తప్పు కాదు, దానికి జవాబు చెప్పుకోవాల్సింది మీరిద్దరికి మీరిద్దరే. ఏదనుకున్నా ఏడాదికోసారి మీ బీపీ చూపించుకోండి. ఒకసారి ఇలా వచ్చినవాళ్లకు వయసు పైబడ్డాక బీపీ, గుండె జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ. బాబు గొడవలో పడి అది మరిచిపోతారు.

బెరా పరీక్షకు బాబు నిద్రపోవాలి, మెలకువగా ఉంటే కదులుతాడు, గీతలు సరిగా రావు. జలుబు చేసి ఉంటే ఇంకోరోజు వెళ్లండి. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లారగట్లే లేపండి. దేవరకొండ నుంచి నల్లగొండ దాకా బస్సు ఊపుకు కళ్లు మూతలు పడతాయి, దారిలో పడుకున్నాడంటే అక్కడ పడుకోడు, మళ్లీ ఇంకో రోజు రమ్మంటారు. అత్తమ్మను కిటికీ పక్కన కూచోబెట్టి, బాబును ఆమె ఒళ్లో వేయండి. వాడు నిద్రపోకుండా ఆ దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంటుంది.